ఖుంబూ దారిలో పంటి వైద్యం

కఠ్మాండూలో అసన్ బజారుకు దగ్గర్లో బాంగేముఢా అనే ఇరుకైన కూడలి ఉంది. అక్కడ ఓ గోడకు ఆనుకుని పాత చెట్టు మొద్దు ఒకటి కనిపిస్తుంది. దాని చెక్క మాత్రం దాదాపు కనిపించదు. దిగగొట్టిన మేకులు, తుప్పు పట్టిన నాణేలు దాన్ని పూర్తిగా కప్పేశాయి. ఇది పంటి నొప్పి పోగొట్టే వైశ్య దేవ్ స్థానం. నొప్పితో వచ్చినవాళ్లు దేవుడికి మొక్కుకుని, నాణెం ఆనించి మేకు కొట్టి వెళ్తారు. మేకుతో పాటు నొప్పీ చెక్కలోకి దిగిపోతుందని స్థానిక నేవారుల నమ్మకం. ఆ మొద్దు చుట్టుపక్కలంతా ఇప్పుడు పళ్ల డాక్టర్ల దుకాణాలే. అద్దాల బీరువాల్లో కట్టుడు పళ్ల సెట్లు వరసగా పేర్చి ఉంటాయి. మొక్కు తీర్చుకుని, ఆ వెంటనే పక్క మెట్లెక్కి డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లూ ఉన్నారు.

నల్లగొండ జిల్లా నుంచి వచ్చిన ఒక దంతవైద్యురాలు, ఆమె తమ్ముడు ఆ మొద్దు దగ్గర చాలాసేపు నిలబడ్డారు. ఆమెకు సొంత ఊళ్లో చిన్న క్లినిక్ ఉంది. తమ్ముడిది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దాకా నడవాలన్నది అతని చిరకాల కోరిక. దారిలో ఏదైనా బడిలో పిల్లల పళ్లు చూడనిస్తేనే వస్తానని అక్క షరతు పెట్టింది. అలా ఒకే ప్రయాణంలో రెండు పనులు కుదిరాయి.

ఇలాంటి ప్రయాణాలు నేపాల్‌కు కొత్త కాదు. 2001లో దంతవైద్యుడు ఆండ్రూ హోలెసెక్, లారీ మాథ్యూస్ కలిసి హిమాలయన్ డెంటల్ రిలీఫ్ ప్రాజెక్టు పేరుతో ఒక సంస్థను మొదలుపెట్టారు. అమెరికాలోని డెన్వర్ కేంద్రంగా పనిచేసే ఆ సంస్థే తర్వాత గ్లోబల్ డెంటల్ రిలీఫ్ అయింది. స్వచ్ఛందంగా వచ్చేవాళ్లు తమ ఖర్చు తామే పెట్టుకుంటారు, బడి పిల్లలకు ఉచితంగా వైద్యం చేస్తారు, శిబిరం ముగిశాక కావాలంటే కొండలెక్కుతారు. దంతవైద్యులే రావాలన్న నియమం లేదు. పేర్లు రాయడానికి, పనిముట్లు కడిగి శుద్ధి చేయడానికి, ఏడ్చే పిల్లల్ని ఊరుకోబెట్టడానికి కూడా చేతులు కావాలి. ఈ పద్ధతిలో మెచ్చుకోవలసింది ఒకటుంది. చూసిన పిల్లల్నే మళ్లీ మళ్లీ చూడటం. పన్ను ఒక్కసారి బాగుచేస్తే తీరిపోయేది కాదు. పాల పళ్లు ఊడి కొత్తవి వచ్చేదాకా ఆ నోటి మీద ఎవరిదో ఒకరి కన్ను ఉండాలి.

కొండ ప్రాంతాలకు వెళ్లే వైద్య శిబిరాల్లో చాలా వాటిది ఈ దారి కాదు. వస్తారు, వందల పళ్లు పీకుతారు, ఫొటోలు దిగుతారు, వెళ్లిపోతారు. పీకిన పళ్ల లెక్కే వాళ్ల నివేదికలో మొదటి వాక్యం. నొప్పితో నిద్రపోలేని మనిషికి పన్ను పీకడం పెద్ద మేలే, అందులో అనుమానం లేదు. కానీ బృందం వెళ్లిపోయిన మర్నాడు వాపు వస్తే ఎవరు చూస్తారు? ఈ ప్రశ్నకు జవాబు లేని శిబిరానికి వెళ్లకూడదని నల్లగొండ దంతవైద్యురాలు ముందే తేల్చుకుంది. విదేశీ వైద్యులు నేపాల్‌లో రోగుల మీద చెయ్యి వేయాలంటే నేపాల్ మెడికల్ కౌన్సిల్ దగ్గర తాత్కాలిక రిజిస్ట్రేషన్ కావాలి. భారతీయులకు వీసా అక్కర్లేదు, అయినా ఈ కాగితం తప్పదు. పెద్ద మనసుతో వచ్చామన్నంత మాత్రాన నియమాలు సడలాలని కోరుకోవడం ఆతిథ్యమిచ్చే దేశాన్ని చిన్నచూపు చూడటమే. ఆమె నెలల ముందే ఆ పని పూర్తి చేసుకుంది.

బేస్ క్యాంప్ నడక మొదలయ్యే లుక్లాకు రద్దీ కాలంలో విమానాలు ఎక్కువగా కఠ్మాండూ నుంచి కాక రామెఛాప్ జిల్లాలోని మంథలీ నుంచి ఎగురుతాయి. అర్ధరాత్రి దాటాక జీపెక్కి, మలుపుల రోడ్డులో నాలుగైదు గంటలు ఊగుతూ తెల్లారేసరికి అక్కడికి చేరాలి. లుక్లా రన్‌వే పొడవు 527 మీటర్లు, దానికి సుమారు 12 శాతం వాలు. దిగే విమానాన్ని ఎదురెక్కుడు ఆపుతుంది, ఎగిరే విమానానికి పల్లం ఊతమిస్తుంది. 1964లో ఎడ్మండ్ హిల్లరీ బృందం ఈ స్ట్రిప్ వేసింది కొత్తగా కట్టే బడులకు, ఆసుపత్రికి సామాన్లు చేర్చడానికి. పర్యాటకులు ఆ తర్వాత వచ్చారు. వాళ్లతో పాటే బిస్కెట్లు, చాక్లెట్లు, కూల్‌డ్రింకులూ వచ్చాయి.

లుక్లా నుంచి ఫాక్‌డింగ్, మోంజో మీదుగా నామ్చే బజార్ దాకా దారి దూధ్ కోశీ నదిని పట్టుకునే వెళ్తుంది. నీళ్లు పాలలా తెల్లగా, నురగలు కక్కుతూ దూకుతుంటాయి. దారి ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తాళ్ల వంతెనల మీదుగా నదిని దాటుతుంది. మోటారు బండి తిరగని దారి ఇది. పైకి చేరే ప్రతి వస్తువూ మనిషి వీపు మీదో, జోప్‌క్యో అనే సంకర జాతి పశువు వీపు మీదో, లేదంటే హెలికాప్టర్‌లోనో వెళ్లాలి. కూలీలు డోకో అనే వెదురు బుట్టలో బరువు నింపి, నామ్లో అనే పట్టీని నుదుటికి తగిలించుకుని మోస్తారు. చేతిలో టీ ఆకారపు ఊతకర్ర. ఆగినప్పుడు దాన్నే బుట్ట కింద ఆనించి నిలబడి ఊపిరి తీసుకుంటారు. తమ్ముడు దారి పొడవునా ఆ బుట్టల్లో ఏముందో చూస్తూ నడిచాడు. ప్లైవుడ్, గ్యాస్ సిలిండర్లు, గుడ్ల అట్టలు, బియ్యం. వాటితో పాటు దాదాపు ప్రతి రెండో బుట్టలో తీపి బిస్కెట్లు, సీసా పానీయాలు.

ఒకప్పుడు ఈ దారి బరువులు వేరు. ఎవరెస్ట్ కింది ఖుంబూ ప్రాంతపు షెర్పాలు నాంగ్పా లా కనుమ దాటి టిబెట్ నుంచి ఉప్పు తెచ్చేవాళ్లు, కింది నుంచి ధాన్యం పైకి పంపేవాళ్లు. టీలో కూడా ఉప్పూ వెన్నే. వేయించిన బార్లీ పిండి, గోధుమ జాతికి చెందని బక్‌వీట్, పంతొమ్మిదో శతాబ్దం నడుమ వచ్చి స్థిరపడ్డ బంగాళాదుంప, జడల బర్రె పాలతో చేసే ఛుర్పీ అనే జున్ను. ఛుర్పీ ఎండితే రాయంత గట్టి, గంటలకొద్దీ చప్పరించాలి. ఆ తిండిలో చక్కెర లేదు. 1959 తర్వాత టిబెట్ వ్యాపారం సన్నగిల్లింది. 1953లో ఎవరెస్ట్ ఎక్కిన కథ ప్రపంచాన్ని ఇటు తిప్పింది. ఉత్తరం నుంచి ఉప్పు రావడం తగ్గి, దక్షిణం నుంచి చక్కెర రావడం పెరిగింది. ట్రెకింగ్ డబ్బు బడులు నిలబెట్టింది, ఇళ్లకు రేకులు వేయించింది, పిల్లల్ని కఠ్మాండూ కాలేజీలకు పంపింది. ఆ డబ్బు వెంటే వచ్చిన తీపి, ఎదురుపడ్డ ప్రతి పిల్లాడి చేతిలో చాక్లెట్ పెట్టే పర్యాటకుల అలవాటు కలిసి ఆ పిల్లల పళ్లు తినేశాయి. టూత్‌బ్రష్ మాత్రం చాక్లెట్ వెనకాల చాలా ఆలస్యంగా నడిచింది.

పుచ్చు ఎలా వస్తుందో చెప్పడం తేలిక. నోట్లోని బాక్టీరియా చక్కెరను తిని ఆమ్లం వదులుతుంది. పీహెచ్ 5.5 కంటే కిందికి పడితే పంటి పైపొర, అంటే ఎనామెల్, కరగడం మొదలవుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని తగ్గించి, పోయిన ఖనిజాన్ని కొంత తిరిగి చేరుస్తుంది. రోజుకు రెండుసార్లు తీపి తింటే పన్ను కోలుకోగలదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా జేబులోంచి తీసి చప్పరిస్తూ ఉంటే కోలుకోలేదు. చాక్లెట్ ఎంత తిన్నారన్న దానికంటే ఎన్నిసార్లు తిన్నారన్నదే ముఖ్యం. ఈ సంగతి తెలిసిన పర్యాటకుడు పిల్లాడికి చాక్లెట్ ఇవ్వడు. ఏదో ఒకటి ఇచ్చి తీరాలనిపిస్తే బడికి పుస్తకాలు కొనిస్తాడు.

నామ్చే బజార్ 3,440 మీటర్ల ఎత్తులో గుర్రపు నాడా ఆకారంలో కొండ కడుపుకు అతుక్కుని ఉంటుంది. శనివారం సంత. కింది ఊళ్ల రైతులు కూరగాయలు, మాంసం, బియ్యం మోసుకొస్తారు. ఈ ఊళ్లో 1990ల మొదట్లోనే ఒక దంత వైద్యశాల వెలిసింది. అమెరికన్ హిమాలయన్ ఫౌండేషన్ ఆసరా ఇచ్చింది. నడిపిన మనిషి నవాంగ్ డోకా అనే షెర్పా మహిళ. ఆమె కెనడా వెళ్లి డెంటల్ థెరపీ చదువుకుని తిరిగి వచ్చింది.

డెంటల్ థెరపిస్టు పూర్తి స్థాయి దంతవైద్యురాలు కాదు. పిప్పి తీసి సిమెంటు నింపడం, పళ్లు పీకడం, గార తీయడం, పిల్లలకు బ్రష్ చేయడం నేర్పడం ఈ చదువులో భాగం. 1921లో న్యూజిలాండ్ తన బడుల కోసం ఇలాంటి నర్సులకు శిక్షణ మొదలుపెట్టింది. డాక్టర్లు చాలని, డాక్టర్లు వెళ్లని చోట్లకు ఇది దారి చూపింది. నల్లగొండ డాక్టరమ్మకు నామ్చే కథ వినగానే నచ్చిన సంగతి ఇదే. ఐదేళ్ల బీడీఎస్ చదివిన మనిషి 3,440 మీటర్ల ఎత్తున జీవితాంతం ఉండిపోతాడని ఆశించలేం. ఆ నేల మీద పుట్టిన మనిషికి అవసరమైనంత విద్య నేర్పితే ఆమె ఉంటుంది. ఏ పిల్లాడి అమ్మమ్మ ఎవరో, ఏ ఇంట్లో బ్రష్ ఉన్నా వాడరో ఆమెకు తెలుసు. పోఖరా పక్కన కాస్కీ జిల్లాలో జెవాయా సంస్థ కూడా ఈ దారే పట్టింది. గ్రామ ఆరోగ్య కేంద్రాల్లో స్థానికులకే తర్ఫీదు ఇచ్చి కూర్చోబెడుతోంది.

నామ్చే పైన ఖుందే ఊరుంది, 3,840 మీటర్ల ఎత్తున. అక్కడ హిల్లరీ స్థాపించిన హిమాలయన్ ట్రస్ట్ 1966లో ఆసుపత్రి కట్టింది. ఆ రోజుల్లో ఖుంబూలో గొంతు వాపు, అంటే గాయిటర్, అంతటా కనిపించేది. పుట్టుకతోనే మాట, వినికిడి, ఎదుగుదల లేని పిల్లలు ఊరూరా ఉండేవాళ్లు. మంచు, వాన కడిగేసిన కొండ నేలలో అయోడిన్ లేకపోవడమే కారణం. 1960ల నడుమ ఆక్లాండ్ నుంచి వచ్చిన వైద్యులు అయోడిన్ కలిపిన నూనెను సూదిమందుగా ఇచ్చారు. ఒక్క సూది కొన్నేళ్లపాటు కాపాడుతుంది. దాంతో గొంతు వాపులు తగ్గాయి, ఆ లోపంతో పుట్టే పిల్లలు దాదాపు కనిపించకుండా పోయారు. బయటి నుంచి వచ్చిన వైద్యం ఒక లోయ రాత మార్చిన సందర్భం అది. అంతకంటే గొప్ప సంగతి తర్వాత జరిగింది. దశాబ్దాల పాటు న్యూజిలాండ్, కెనడా డాక్టర్లు వంతులవారీగా నడిపిన ఆ ఆసుపత్రిలో ఆరోగ్య కార్యకర్తగా పనిచేసిన కామీ తెంబా షెర్పా ఫిజీ వెళ్లి వైద్యం చదివి, డాక్టరై తిరిగి వచ్చి అదే ఆసుపత్రి బాధ్యత తీసుకున్నాడు.

అయోడిన్ లేని నీళ్లలో ఫ్లోరైడూ అంతంత మాత్రమే. కరిగిన మంచులో ఖనిజాలు ఎక్కడి నుంచి వస్తాయి? ఇక్కడే నల్లగొండ డాక్టరమ్మ ఆలోచనలో పడింది. ఆమె చిన్నతనమంతా ఫ్లోరైడ్ అనే మాటను భయంతో విన్నది. ఇంటి చుట్టుపక్కల గోధుమ రంగు మచ్చల పళ్లతో నవ్వడానికి సిగ్గుపడే పిల్లలు, వంగిపోయిన వెన్నుతో మంచానికే పరిమితమైన పెద్దలు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. పటిక, సున్నం వేసి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించినప్పుడు దానికి నల్లగొండ పేరే పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములను హద్దుగా పెట్టింది. ఆ హద్దు దాటిన బోరు నీళ్లు తాగి పెరిగిన నేల బిడ్డ ఇప్పుడు ఖుంబూ పిల్లల పళ్లకు ఫ్లోరైడ్ పూయబోతోంది. నేల లోపలి నల్లరాయి కరిగించి ఇచ్చేది ఒకచోట ఎముకను వంచుతుంది, అదే పదార్థం గింజంత మోతాదులో మరోచోట పన్ను నిలబెడుతుంది. ఎంత, ఎక్కడ అన్నదే వైద్యం. ఆమె ఈ మాట బడి పంతుళ్లకు వివరంగా చెప్పింది. ఫ్లోరైడ్ పేస్టు ఏ వయసు వాళ్లకు ఎంత వేయాలో చూపింది. మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత. పిల్లలు మింగకుండా ఉమ్మేలా చూడాలి.

బడి నామ్చే పైన ఒక ఊళ్లో ఉంది. తరగతి గదిలో రెండు బల్లలు కలిపి, తల కింద మడిచిన జాకెట్ పెట్టి కుర్చీ తయారు చేశారు. కిటికీ వైపు తల ఉంటే ఉదయపు వెలుగు నోట్లో పడుతుంది. మధ్యాహ్నానికి మబ్బు ఎక్కితే తల దీపం పెట్టుకోవాలి. ఊరి ఆరోగ్య కార్యకర్త, ఇరవై ఏళ్లు దాటిన ఒక షెర్పా యువతి, ప్రతి పిల్లాడి పక్కనా నిలబడింది. శిబిరంలో పని నేర్చుకోవలసింది ఆమె, నేర్పవలసింది డాక్టరమ్మ. ముందే కుదిరిన ఒప్పందం అది.

పనిముట్ల శుద్ధే మొదటి చిక్కు. ఆ ఎత్తున నీళ్లు సుమారు 87, 88 డిగ్రీలకే మరుగుతాయి, కాబట్టి ఊరికే మరగబెట్టడం చాలదు. ప్రెజర్ కుక్కర్ తరహా ఆటోక్లేవ్ వాడాలి. సముద్ర మట్టం దగ్గర పదిహేను పౌండ్ల పీడనంతో 121 డిగ్రీలు వస్తుంది. ఇక్కడ చుట్టూ గాలి పీడనమే మూడింట రెండు వంతులకు పడిపోయింది గనుక, మీటర్ అదే అంకె చూపినా లోపలి వేడి తక్కువే ఉంటుంది. పీడనం పెంచాలి, లేదా ఎక్కువసేపు ఉంచాలి. ఈ లెక్క ఆ యువతికి డాక్టరమ్మ కంటే బాగా తెలుసు. పప్పు ఉడకడానికి ఎంతసేపు పడుతుందో చూస్తూ పెరిగిన పిల్ల ఆమె.

చలి రెండో చిక్కు. మత్తుమందు గొట్టాలు చల్లగా ఉంటే సూది నొప్పి ఎక్కువ, అందుకని అవి ఉదయం నుంచి డాక్టరమ్మ స్వెటర్ లోపలి జేబులోనే ఉన్నాయి. పుచ్చు నింపే గ్లాస్ అయనోమర్ సిమెంటు కూడా చలికి నెమ్మదిగా గట్టిపడుతుంది. అయినా ఇలాంటి చోట్లకు ఆ సిమెంటును మించింది లేదు. 1970ల మొదట్లో బ్రిటన్‌లో తయారైన ఈ పదార్థం తడి పంటికి కూడా అంటుకుంటుంది, మెల్లగా ఫ్లోరైడ్ వదులుతూ ఉంటుంది. 1980ల నడుమ టాంజానియాలో పనిచేసిన దంతవైద్యులు కరెంటు, డ్రిల్లు లేకుండానే పుచ్చు నింపే పద్ధతి కనిపెట్టారు. చేతి పనిముట్టుతో మెత్తబడ్డ భాగాన్ని గీకి తీసేయాలి, సిమెంటు నింపాలి, వాజిలైన్ రాసిన వేలితో గట్టిగా నొక్కి పట్టుకోవాలి. అంతే. శబ్దం లేదు, చాలామందికి సూది కూడా అక్కర్లేదు.

తమ్ముడి పని రాయడం, దీపం పట్టుకోవడం. పేర్లలో సగం దావా, పసాంగ్, మింగ్మా, ల్హక్పా. షెర్పాలు పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు. ఒకే తరగతిలో నలుగురు పసాంగ్‌లు ఉన్నారు. తండ్రి పేరు రాయకపోతే ఎవరి పన్ను ఎవరిదో తేలదు. ఒక ఆరేళ్ల వాడు బల్ల మీదికైతే ఎక్కాడు గానీ పెదవులు బిగించేశాడు.

"అక్కా, గీ పిల్లగాడు నోరు తెరుస్తలేడు."

"నువ్వు తెరిచి చూపియ్యిరా. నిన్ను చూసి తెరుస్తడు."

తమ్ముడు పక్క బల్ల మీద వెల్లకిలా పడుకుని నోరు తెరిచాడు. డాక్టరమ్మ చిన్న అద్దం పిల్లాడి చేతికిచ్చింది. వాడు తమ్ముడి నోట్లోకి తొంగి చూసి, పళ్లు లెక్కపెట్టి, వెనక దవడలో పాత వెండి పూత కనపడగానే గదంతా వినపడేలా షెర్పా భాషలో ఏదో అరిచాడు. ఆరోగ్య కార్యకర్త నవ్వి, "ఈ అన్నకి కూడా పుచ్చు ఉందట" అని నేపాలీలో చెప్పింది. తర్వాత వాడే నోరు తెరిచాడు. కింది దవడలో రెండు పాల పళ్లు చిగురు దాకా పోయాయి. వాటి పక్కనే కొత్తగా వస్తున్న శాశ్వత దవడ పన్ను చెక్కుచెదరకుండా ఉంది.

ఆ పన్నునే కాపాడాలి. ఆరేళ్లకు వచ్చే ఈ దవడ పన్ను పాల పళ్లేవీ ఊడకుండానే వెనక నుంచి మొలుస్తుంది. చాలామంది తల్లిదండ్రులు దాన్నీ పాల పన్నేననుకుని వదిలేస్తారు. మన ఊళ్లలోనూ ఇదే జరుగుతోంది. డాక్టరమ్మ ప్రతి తల్లికీ తన వేలితో ఆ పన్ను చూపించింది. దాని గాడుల్లో పలచగా సిమెంటు పూసింది, మిగిలిన పళ్లకు ఫ్లోరైడ్ వార్నిష్ రాసింది.

లోతుగా పుచ్చినా నొప్పి లేని పాల పళ్లకు సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ అనే ద్రవం వాడారు. చుక్క చాలు, చాలా పళ్లలో పుచ్చు ఆగిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. దీంతో ఒక ఇబ్బంది ఉంది. పుచ్చిన చోటు శాశ్వతంగా నల్లబడుతుంది. ఒక తల్లి ముందు పళ్లకు వద్దంది, వెనక పళ్లకైతే సరేనంది. డాక్టరమ్మ మారుమాట లేకుండా ఒప్పుకుంది. ముందు పళ్లకు సిమెంటు వేసింది. వైద్యం ఉచితమైనంత మాత్రాన అడిగే హక్కు పోదు. ఈ మందును ఆరు నెలలకోసారి మళ్లీ పూయాలి, అప్పటికి డాక్టరమ్మ నల్లగొండలో ఉంటుంది. అందుకే మూడో రోజు నుంచి చుక్క వేసింది ఆరోగ్య కార్యకర్తే. డాక్టరమ్మ అద్దం పట్టుకుని పక్కన నిలబడింది. మొదట ఒకటి రెండుసార్లు చెయ్యి వణికి చిగురుకు తగిలింది. సాయంత్రానికి కుదురుకుంది.

ప్రపంచంలో సుమారు 350 కోట్ల మందికి నోటి జబ్బులు ఉన్నాయని, ప్రతి నలుగురిలో ముగ్గురు మధ్యస్థ ఆదాయ దేశాల వాళ్లేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక చెప్పింది. ఇంత పెద్ద అంకె ముందు ఒక బడి ఎంత అని తమ్ముడు రాత్రి పొయ్యి దగ్గర అడిగాడు. అక్క జవాబు చెప్పలేదు. మర్నాటి పిల్లల పట్టీ తీసి, తొందరగా చూడాల్సిన పేర్ల కింద గీతలు గీసింది.

బడి పని ముగిశాక నడక మొదలైంది. తెంగ్‌బోచే మఠం 1916లో వెలిసింది, 1934 భూకంపంలో కూలింది, 1989లో కాలిపోయింది, మళ్లీ కట్టారు. దాని ముంగిట నిలబడితే ఆమా దబ్లమ్ కొండ మెడలో హారం వేసుకున్నట్టు కనిపిస్తుంది. ఇక్కడి నుంచి చెట్లు పలచబడి, దింగ్‌బోచే దగ్గర రాళ్ల గోడల మధ్య బార్లీ, బంగాళాదుంప మళ్లు తప్ప పచ్చదనం మిగలదు. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు ఐదు వందల మీటర్లకు మించి పెంచకూడదని, మధ్యలో విరామం తీసుకోవాలని వైద్యులు చెబుతారు. ఎక్కువమంది ఆ నియమాన్ని కాళ్ల బలం మీద నమ్మకంతో దాటేస్తారు. ఫెరిచేలో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ నడిపే కేంద్రం అలాంటివాళ్లతోనే నిండుతుంది. 1973లో మొదలైన ఆ సంఘం వైద్యులు సీజన్‌లో మధ్యాహ్నం పూట ఎత్తు జబ్బు గురించి ట్రెకర్లకు వివరంగా చెబుతారు. తమ్ముడు ఎత్తు జబ్బు రాకుండా ఎసిటజోలమైడ్ మాత్ర వేసుకున్నాడు. వేళ్ల చివర్లు చిమచిమలాడాయి, సోడా తాగితే గ్యాస్ లేని నీళ్లలా అనిపించింది. ఆ మందు లక్షణం అది.

గోరక్‌షెప్ 5,164 మీటర్లు. అక్కడి లాడ్జిలో ఒక ట్రెకర్ చెంప పట్టుకుని కూర్చున్నాడు. ఊళ్లో ఉన్నప్పుడు ఎప్పుడో ఒకసారి జివ్వుమనే పన్ను ఇక్కడికి వచ్చేసరికి పోటెత్తింది. సరిగా నిండని పూత కింద, చీము పట్టిన వేరు కొసన గాలి చిక్కుకుని ఉంటే, బయటి పీడనం తగ్గేకొద్దీ ఆ గాలి వ్యాకోచించి నరాన్ని నొక్కుతుంది. విమాన సిబ్బందికీ, సముద్రంలో లోతుకు దిగేవాళ్లకూ ఈ నొప్పి పరిచయమే. డాక్టరమ్మ నొప్పి మాత్ర, యాంటీబయాటిక్ ఇచ్చి పొద్దున్నే కిందికి దిగమంది. ఐదు వేల మీటర్ల ఎత్తున పన్ను తెరవడానికి ఆమె ఒప్పుకోలేదు. రక్తం ఆగకపోతే, మనిషి కళ్లు తిరిగి పడితే చేయగలిగింది తక్కువ. ట్రెక్‌కు బూట్లు కొన్నంత శ్రద్ధగా బయల్దేరే ముందు ఒకసారి పళ్లు చూపించుకోవాలని ఆమె ప్రతి యాత్రికుడికీ చెబుతుంది. పుచ్చు ఉంటే నెల ముందే నింపించుకోవాలి, అటూ ఇటూగా ఉన్న జ్ఞానదంతాన్ని వదిలేసి రాకూడదు.

కాలాపత్థర్ మీద తెల్లవారుజామున ఎవరెస్ట్ శిఖరం మీద మొదటి ఎండ పడింది. 8,848.86 మీటర్ల ఎత్తు. దాని అవతలి వైపు, టిబెట్ దిక్కు నుంచి 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల ఊరి పిల్ల మాలావత్ పూర్ణ పైకెక్కింది, పద్నాలుగేళ్లు ఇంకా నిండకుండానే. ఖమ్మం కుర్రాడు ఆనంద్ కుమార్ ఆమెతో ఉన్నాడు. తమ్ముడు ఫోన్ తీసి ఆమె ఫొటో వెతుకుదామనుకున్నాడు, చలికి ఫోన్ ఆగిపోయింది.

దిగేటప్పుడు మళ్లీ బడి ఊళ్లో ఆగారు. ఆరోగ్య కార్యకర్త రిజిస్టర్ తెచ్చి చూపింది. వాళ్లు పైకి వెళ్లిన రోజుల్లో ఇద్దరు తల్లులు తమంతట తామే పిల్లల్ని తీసుకొచ్చారు. ఒకరికి నింపిన సిమెంటు ఊడింది. కార్యకర్తే మళ్లీ నింపింది. డాక్టరమ్మ చూసి అంచు దగ్గర కొంచెం ఎత్తుగా ఉందని గీకి సరిచేసింది, ఆ గీకడం ఎలాగో ఆమె చేతే మరోసారి చేయించింది. మిగిలిన సామగ్రిలో సిమెంటు, వార్నిష్, చేతి పనిముట్లు అక్కడే ఉండిపోయాయి. ఫొర్‌సెప్స్‌ను మాత్రం వెంట తీసుకెళ్లారు. పళ్లు పీకడం నేర్పే సమయం లేకపోయింది, నేర్పని పనికి పనిముట్లు వదిలిపెట్టడం ఆమెకు సమ్మతం కాలేదు. అవసరం పడితే నామ్చే పంపాలని రిజిస్టర్ అట్ట మీద రాసుకున్నారు.

లుక్లాలో మబ్బు కమ్మి విమానాలు ఆగాయి. లాడ్జి వెనక వరండాలో బరువులు దించిన కూలీలు టీ తాగుతున్నారు. ఈ దారి కూలీల్లో చాలామంది షెర్పాలు కాదు. కింది కొండల నుంచి వచ్చే రాయ్‌లు, తమాంగ్‌లు, మగర్‌లు. పర్యాటకుల ఆరోగ్యం గురించి ఈ దారిలో ఎన్నో ఏర్పాట్లు ఉన్నాయి, వీళ్ల పళ్ల గురించి అడిగేవాళ్లు అరుదు. సుమారు నలభై ఏళ్ల మనిషి ఒకడు బుగ్గ వాచి, మాట కూడా సరిగా రాక కూర్చున్నాడు. పై దవడ పన్ను విరిగి వేళ్లే మిగిలాయి. వాటి చుట్టూ చీము. రోజుల తరబడి నొప్పిని రక్సీ అనే నాటుసారాతో పుక్కిలించి తోసేస్తూ సామాను మోశాడు.

లాడ్జి యజమానురాలు వేడినీళ్లు ఇచ్చింది. కిటికీ దగ్గర కుర్చీ వేసి, మత్తు ఇచ్చి, ఎలివేటర్‌తో మూడు వేళ్లూ ఒక్కొక్కటిగా వదులు చేసి తీసింది డాక్టరమ్మ. తమ్ముడు దీపం పట్టుకున్నాడు, చెయ్యి కదల్లేదు. పత్తి కరిచిపెట్టి ఆమె జాగ్రత్తలు చెప్పింది. ఒక రోజంతా బరువు మోయకూడదు. వంగి నుదుటి పట్టీ మీద భారం వేస్తే తలలో రక్తపు ఒత్తిడి పెరిగి, గడ్డకట్టిన రక్తం ఊడి మళ్లీ కారుతుంది.

అతను పత్తి తీసి అడిగాడు. "దీదీ, రేపు మోంజోకి నలభై కిలోలు ఉంది. కిలో లెక్కన ఇస్తారు."

ఆమె కూలీల మేస్త్రీని పిలిపించింది. మాటలు కాసేపు సాగాయి, లాడ్జి యజమానురాలు మధ్యలో నిలబడి గట్టిగానే మాట్లాడింది. చివరికి సగం బరువు మర్నాడు ఇంకొకరు మోసేలా, ఇతను ఒక రోజు ఆలస్యంగా మిగతా సగం తీసుకెళ్లేలా తేలింది. సగం కూలి పోయింది. డాక్టరమ్మ మాత్రల పొట్లం మీద వేళలు దేవనాగరిలో రాసింది. రక్తం ఆగకపోతే, జ్వరం వస్తే ఊళ్లోనే ఉన్న పసాంగ్ ల్హాము నికోల్ నికీల్ ఆసుపత్రికి వెళ్లాలని, తీసిన పన్ను ఏదో తెలిసేలా ఒక చీటీ రాసి అతని జేబులో పెట్టింది.